కనబడని మంగోలియన్ గుర్తుకు సంఖ్య ఎందుకు? ఎలా?

యూనికోడ్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. 6158 అనే సంఖ్య మాత్రం ఏ అక్షరానిదీ కాదు. దాని పేరు మంగోలియన్ వవెల్ సెపరేటర్, అంటే అచ్చును విడదీసే గుర్తు. 1999లో యూనికోడ్ 3.0లో మంగోలియన్ లిపి చేరినప్పుడే ఇదీ చేరింది. తెరమీద సన్నని ఎడం తప్ప ఇంకేమీ కనబడదు.

అలాంటి గుర్తు ఎందుకు కావాల్సి వచ్చింది?

సంప్రదాయ మంగోలియన్ రాత పైనుంచి కిందికి సాగే గొలుసుకట్టు రాత. ఒకే అక్షరం పదం మొదట్లో ఒకలా, నడుమ ఒకలా, చివర ఇంకోలా ఉంటుంది. ఇన్ని రూపాలకూ వేర్వేరు సంఖ్యలు ఇవ్వలేదు. అక్షరానికి ఒక్కటే సంఖ్య. చోటును బట్టి రూపం ఎంచుకునే పని ఫాంట్‌ది.

అయితే కొన్ని పదాల్లో చివరి ‘అ’ గానీ ‘ఎ’ గానీ ముందు హల్లుతో కలవదు. కాస్త ఎడంగా, వేరే తోకతో నిలుస్తుంది. దాని ముందున్న హల్లు కూడా ఒక్కోసారి రూపు మార్చుకుంటుంది. ఎక్కడ కలపాలో, ఎక్కడ విడదీయాలో ఫాంట్ తనంతట తాను కనిపెట్టలేదు. అది ఆ పదం స్పెల్లింగ్‌లోనే ఉంది.

ఉదాహరణకు, ‘ఖర’ అంటే ‘చూడు’ అనే అర్థంలో చివరి అచ్చు కలిసే ఉంటుంది. కంప్యూటర్ దాచుకునేది 6188, 6176, 6199, 6176. అదే ‘ఖర’ నలుపు అయితే అచ్చు విడిపోతుంది. అప్పుడు వరుస 6188, 6176, 6199, 6158, 6176. మాటలు రెండు అని చెప్పేది ఆ నాలుగో సంఖ్యే.

మామూలు స్పేస్ కొడితే చాలదా?

చాలదు. స్పేస్ పడితే ఒక పదం రెండు ముక్కలవుతుంది. వెతికితే దొరకదు, వరుస చివర విరిగి అచ్చు ఒక్కటే తర్వాతి వరుసకు పోవచ్చు. 6158 దగ్గర వరుస విరగకూడదని యూనికోడ్ నియమం.

ఫైల్‌లో ఎలా దాస్తారు?

యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లుగా. 6158ని 1×4096, 32×64, 14గా విడదీయాలి. ఇందులోని 1కి 224, 32కీ 14కీ 128 చొప్పున కలిపితే 225, 160, 142 వస్తాయి. తెలుగు అక్షరాలూ ఇలాగే మూడేసి బైట్లలో ఉంటాయి.

మరి గొడవ ఎక్కడ వచ్చింది?

వర్గీకరణలో. యూనికోడ్ 6.2 నాటికి దీన్ని స్పేస్‌ల జాబితాలో ఉంచారు. 2013లో వచ్చిన 6.3లో అక్కడినుంచి తీసి, రాత తీరును నియంత్రించే గుర్తుల్లో చేర్చారు. దాంతో పాత జాబితాను నమ్ముకున్న ప్రోగ్రాములు దీన్ని ఖాళీ అనుకుని కత్తిరిస్తాయి, కొత్తవి ఉంచుతాయి. ఒకే పాఠాన్ని రెండు ప్రోగ్రాములు రెండు రకాలుగా చదివే పరిస్థితి వచ్చింది.

తెలుగులో ఇలాంటిది ఉందా?

ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ కింద వ-వత్తు పడకుండా ఆపేది 8204 సంఖ్య గల కనబడని గుర్తు. అది తీసేస్తే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మనకు చూడటానికి ఇబ్బందిగా ఉంటుందే గానీ అర్థం చెడదు. మంగోలియన్‌లో అయితే నలుపు కాస్తా ‘చూడు’ అయిపోతుంది.

2025 నుంచి మంగోలియా ప్రభుత్వ పత్రాల్లో సిరిలిక్‌తో పాటు ఈ లిపినీ వాడాలని అక్కడి చట్టం చెబుతోంది. కాబట్టి పాఠాన్ని శుభ్రం చేసే ప్రోగ్రాములు రాసేవారు కనబడని ప్రతిదాన్నీ చెత్త అనుకుని ఊడ్చేయకండి. ముందు ఆ సంఖ్య ఏ లిపిదో, అక్కడ దాని పనేమిటో చూడండి.