తెచ్చుకుందామా, వద్దా? కుక్కపిల్ల మీద ఊళ్ళో పంచాయితీ

కైకలూరు: కొల్లేటి ఒడ్డు గ్రామాల్లో కూర్చుని ఆలోచించి కుక్కను తెచ్చుకున్నవారు తక్కువ. వచ్చిన కుక్కకు రెండు రోజులు అన్నం పెడితే మూడో రోజు నుంచి అది ఆ ఇంటిదే. అలాంటిది 2020 వేసవిలో మా ఊళ్ళో కుక్కపిల్లను తెచ్చుకోవాలా, వద్దా అని మూడిళ్ళలో రోజుల తరబడి తర్జనభర్జన జరిగింది. అందులో ఈ విలేఖరి ఇల్లు ఒకటి.

ఆ ఏడాది మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఊరి పొలిమేరలో వెదురు బొంగులు అడ్డం కట్టారు. బడి లేదు, బస్సు లేదు. విలేఖరికి వార్తలకు కొదవ లేదు గాని వెళ్ళి చూసి వచ్చే వీలు లేదు. పిల్లలు ఇంట్లో ఉండి ఉండి గోడలు ఎక్కుతున్నారు.

సరిగ్గా అప్పుడే ఊరి చివర మెరక మీద ఒక బాతులాయన చిక్కుబడిపోయాడు. దాళ్వా కోసిన చేలల్లో రాలిన గింజల మీద మందను మేపుకుంటూ ఊరూరా తిరిగే మనిషి. గుడ్లు కొనేవాడు రాక, ముందుకు కదిలే దారి లేక పరదా గుడారం వేసుకుని అక్కడే ఉండిపోయాడు. అతని వెంట ఉన్న ఆడకుక్క గడ్డివాము కింద నాలుగు పిల్లలను పెట్టింది. జోనంగి జాతి అన్నాడు. పొట్టి వెంట్రుకలు, సన్నని ఒళ్ళు. ఈ జాతి మామూలు కుక్కలా మొరగదు, రాగం తీసినట్టు అరుస్తుంది. ఒకప్పుడు కొల్లేటి చుట్టుపక్కల బాతులు కాసేవారి వెంట ఇవే కనిపించేవి. చెరువులు తవ్వి చేపలు వేయడం పెరిగాక బాతుల మందలు తగ్గాయి, వాటితోపాటే ఈ కుక్కలూ తగ్గాయి.

మావాడు అప్పుడు అయిదో తరగతి. మూతికి గుడ్డ కట్టుకుని రోజూ సాయంత్రం ఆ మెరక దగ్గరికి పరుగు. వారం తిరిగేసరికి మొదలుపెట్టాడు. ‘నాన్నా, ఒక్కటి తెచ్చుకుందాం. ఇప్పుడు బడి లేదుగా. అంతా నేనే చూసుకుంటా.’

మిగతా రెండిళ్ళలోనూ ఇదే మాట. ఒక ఇంట్లో హైదరాబాద్ నుంచి వచ్చి ఇంటినుంచే కంపెనీ పని చేసుకుంటున్న కుర్రాడు, రెండో ఇంట్లో కిరాణా కొట్టాయన కూతురు. అందరికీ ఒకటే కారణం, ఇప్పుడు ఖాళీ కదా అని.

కుక్కల వల్ల కరోనా వస్తుందని అప్పట్లో ఒక పుకారు కూడా తిరిగింది. పెంపుడు జంతువుల నుంచి మనుషులకు ఆ జబ్బు వ్యాపిస్తోందనడానికి ఆధారాలు లేవని వైద్యులు చెప్పడంతో అది త్వరలోనే చల్లారింది. మా ఇంట్లో అడ్డం పడింది కరోనా కాదు, మా అమ్మ.

మా అమ్మకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. ఆమెకు ఒక తమ్ముడు ఉండేవాడని మాకు తెలుసు గాని ఎలా పోయాడో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. ఏడేళ్ళ పిల్లవాణ్ణి వీధిలోని కుక్కపిల్ల కరిచింది. కరవడం కూడా కాదు, పంటితో గీరింది. సున్నం, పసుపు కలిపి పెట్టారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించాలని పట్నం ఆసుపత్రిలో అన్నారు. రెండెడ్ల బండిలో మూడు రోజులు తీసుకువెళ్ళారు. వాడు సూదికి భయపడి గింగిరాలు తిరిగి ఏడుస్తుంటే, కోతల రోజులు కూడా కావడంతో, గాయం మానిపోయిందిగా అని మానేశారు. నెలన్నరకు జ్వరం. తర్వాత చెంబుతో నీళ్ళు చూపిస్తే గొంతు బిగుసుకుపోయింది. ‘దాహం అంటాడు, నీళ్ళు తెస్తే వణుకుతాడు. మూడో రోజు పోయాడు’ అని చెప్పి మా అమ్మ కంచం ముందునుంచి లేచిపోయింది.

మావాడు ఆ తర్వాత రెండు రోజులు కుక్క ఊసెత్తలేదు.

రేబిస్ గురించి పాఠకులకు ఇక్కడ కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే సున్నం పెట్టే అలవాటు మన పల్లెల్లో ఈనాటికీ పోలేదు. ఈ క్రిమి గాయం నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి వారాల్లోనే. లక్షణాలు కనబడ్డాక బతకడం దాదాపు లేదు. కనుక కరిచినా, గీరినా, పుండు మీద నాకినా మొదట పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసర్లు పెట్టరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గాయం లోతుగా ఉంటే టీకాతోపాటు సీరం కూడా వేస్తారు. గొర్రె మెదడుతో చేసే ఆ పాత బొడ్డు సూదుల టీకా 2005 నాటికి మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. డాక్టరు రాసిన తేదీల్లో ఒక్కటీ మానకూడదు. మా మేనమామ విషయంలో జరిగింది అదే.

పశువుల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, కుక్కకే టీకా వేయిస్తే భయం చాలావరకు తీరుతుందని చెప్పారు. మూడు నెలల వయసులో మొదటి రేబిస్ సూది, తర్వాత ఒక బూస్టరు, ఆపైన ఏటా ఒకటి. అంతకుముందే నులిపురుగుల మందు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో టీకా. జులై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ కుక్క కరిచిన తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తొలి టీకా వేశాడు.

ఈ మాటలన్నీ విన్నాక మా అమ్మ మెత్తబడింది గాని బాతులాయన మెత్తబడలేదు. రెండు నెలలు నిండందే తల్లి నుంచి పిల్లను వేరు చేయనన్నాడు. ‘బాబుగారూ, బడి లేదని తీసుకుంటానంటున్నాడు మీవాడు. ఇది పది పన్నెండేళ్ళు బతుకుద్ది. బడి తెరిచిన రోజున దీనికి ఎవరు అన్నం పెడతారో చెప్పి తీసుకెళ్ళండి’ అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈలోగా రోజూ పొద్దున ఆరింటికి తల్లికుక్కకు అన్నం, నీళ్ళు తీసుకువెళ్ళే పని మావాడికి పెట్టాం. పద్నాలుగు రోజుల్లో పన్నెండు రోజులు వెళ్ళాడు. ఆ రెండు రోజులు ఎవరు వెళ్ళారో తర్వాత తెలిసింది. మా అమ్మ.

కంపెనీ కుర్రాడు ఆగలేదు. బతిమాలి నలభై రోజులకే ఒక మగపిల్లను తీసుకుపోయాడు. ఏసీ గదిలో, ఒళ్ళో పెట్టుకుని పెంచాడు. 2022లో కంపెనీ రమ్మంది. తల్లిదండ్రులిద్దరికీ మోకాళ్ళ నొప్పులు, గొలుసు పట్టుకుని తిప్పలేకపోయారు. చివరికి చేపల చెరువు కాపలావాళ్ళకు అప్పగించారు. అక్కడ దానికి తిండికి లోటు లేదు. కాని రోడ్డు మీద కారు ఆగిందంటే గట్టు మీదనుంచి ఇప్పటికీ పరుగెత్తుకు వస్తుంది, దిగిన మనిషిని చూసి వెనక్కి పోతుంది. కిరాణా కొట్టాయన టీకా సంగతి లాక్‌డౌన్ అయ్యాక చూద్దామన్నాడు. నెత్తుటి విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో ఆ పిల్ల చచ్చిపోయింది. ఆ అమ్మాయి ఇప్పటికీ ఆ ప్రస్తావన తేనివ్వదు.

మూడో మగపిల్లను బాతులాయన తనకే ఉంచుకున్నాడు. మాకు మిగిలింది ఆడపిల్ల. ఈతలకు భయపడి ఆడకుక్కను ఎవరూ అడగరు. జూన్‌లో తెచ్చుకున్నాం. మల్లి అని పేరు పెట్టాడు మావాడు. రేబిస్ సూది పడేదాకా పశువుల పాక దాటి ఇంట్లోకి రాకూడదని మా అమ్మ షరతు. అలాగే జరిగింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం.

తీసుకున్నది తప్పా, ఒప్పా అని నన్ను అడిగితే సగం సగం అంటాను. మావాడు మాట నిలబెట్టుకున్నాడు, బడి తెరిచాక కూడా తెల్లవారుజామున లేచి అన్నం పెట్టే వెళ్ళాడు. కాని పదో తరగతితో ఊళ్ళో చదువు అయిపోతుందన్న లెక్క ఆనాడు మేమెవరం వేయలేదు. 2025 జూన్‌లో ఇంటర్ చదువుకు విజయవాడ హాస్టల్లో చేరాడు. ఆదివారం ఫోన్‌లో మొదట అడిగేది మల్లి తిన్నదా అనే. ఫోన్ స్పీకర్‌లో పెడితే అది చెవులు రిక్కించి రాగం తీస్తుంది.

అన్నం పెట్టేది మా అమ్మే. కుక్కను తాకదు, గిన్నె దూరంగా పెట్టి కర్రతో జరుపుతుంది. టీకా కార్డు మాత్రం రేషన్ కార్డుతో కలిపి తన ట్రంకు పెట్టెలో దాచుకుంది. ఏటా జులై దగ్గరపడితే కార్డు తీసి తేదీ చూపిస్తుంది. ఇన్నాళ్ళూ సైకిల్ వెనక ఎక్కించుకుని సూదికి తీసుకువెళ్ళినవాడు మావాడు. ఇకమీదట ఆటో ఎవరు మాట్లాడాలి, దారిలో మల్లిని ఎవరు పట్టుకోవాలి అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.