రిజర్వుడు స్థానం, వాడ ఓటు: ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం - ఒక పరిశీలన

లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు 1950, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టాల మేరకు జరుగుతాయి. వాటిలో రాష్ట్ర శాసనానికి ఉన్న చోటు స్వల్పం. స్థానిక సంస్థలు మాత్రం రాష్ట్ర జాబితాలోని అంశం. అందువల్ల తిరుపతి, చిత్తూరు జిల్లాల గ్రామాల్లో సంఖ్యాబలం తక్కువైన వర్గాల ఓటుకు రాష్ట్రం ఇస్తున్న రక్షణ ఎంతో తెలియాలంటే 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టాన్ని పరిశీలించాలి. (మైనారిటీ అన్న మాటకు ఇక్కడ మతపరమైన అర్థం కాక, సంఖ్యాపరమైన అర్థమే గ్రాహ్యం.)

రాజ్యాంగంలోని 243-డి అధికరణం ఎస్.సి., ఎస్.టి.లకు జనాభా నిష్పత్తిలో స్థానాలు కేటాయించింది. వెనుకబడిన తరగతుల సంగతిని రాష్ట్రాలకు విడిచిపెట్టింది. మొత్తం రిజర్వేషన్లు యాభై శాతం దాటరాదని 2010లో కె. కృష్ణమూర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 59.85 శాతంగా నిర్ణయించిన కేటాయింపును రాష్ట్ర హైకోర్టు 2020 మార్చిలో కొట్టివేసింది. ఇదంతా తెలిసిన చరిత్రే.

అంతగా చర్చకు రాని విషయం మరొకటి ఉంది. రిజర్వేషన్ ఎవరు పోటీ చేయాలో చెబుతుంది, ఎవరు ఎన్నుకోవాలో చెప్పదు. సర్పంచును పంచాయతీ ఓటర్లందరూ నేరుగా ఎన్నుకుంటారు. ఎస్.సి.లకు రిజర్వు అయిన ఒక పంచాయతీలో నూటికి ఇరవై ఓట్లు దళితవాడవి అనుకుందాం. ఆ ఇరవై ఒక్కటైనా, తక్కిన ఎనభై మెచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. 1932 నాటి పూనా ఒడంబడిక తరువాత అంబేద్కర్ పదేపదే లేవనెత్తిన ప్రశ్న ఇదే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2002లో చేసిన ఓటుహక్కుల చట్టం కూడా ఈ లోపాన్నే పట్టుకున్నది. ఊరంతా కలిసి ఓటు వేసే పద్ధతి ఒక వర్గం ఓటును పలుచన చేస్తున్నదని రుజువైతే, వార్డులవారీ ఎన్నికకు కోర్టు ఆదేశించవచ్చు. మనకు వార్డు సభ్యులున్నారు. వాడ మొత్తం ఒకే వార్డులో ఉంటే దాని ఓటుకు బలం. మూడు వార్డుల్లోకి చీలితే ఎక్కడా చాలదు. నా దృష్టిలో రిజర్వేషన్ శాతం ఎంత ముఖ్యమో వార్డు హద్దూ అంతే ముఖ్యం. సత్యవేడు, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో చెదురుమదురుగా నివసించే యానాదులకైతే ఆ ఉపాయం కూడా అందదు.

ఇక ఏకగ్రీవాలు. గ్రీవమంటే మెడ, ఊరంతటికీ ఒకే గొంతు అన్నమాట. ఆ గొంతు ఎవరిదన్నదే సందేహం. 2021 ఫిబ్రవరిలో చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవ ఫలితాల ప్రకటనను రాష్ట్ర ఎన్నికల సంఘం కొంతకాలం ఆపించింది. ఎస్.సి., ఎస్.టి.లను ఓటు వేయకుండా, నామినేషన్ వేయకుండా బెదిరించడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమే. అయితే అది కేంద్ర చట్టం. రాష్ట్రం వైపు నుంచి ఏకగ్రీవ పంచాయతీలకు అందుతున్నది ప్రోత్సాహక నిధి. పోలింగే జరగని అటువంటి ఊళ్లలో పరిశోధకులు మొదట చూడవలసినవి నామినేషన్ల ఉపసంహరణ పత్రాలు.