సెలవులో బండి తీసే ముందు బ్రేకు చూడండి

రెండేళ్ల తర్వాత దుబాయ్ నుంచి సెలవు మీద జగిత్యాల వెళ్లాను. రేకుల షెడ్డులో నిలబెట్టిన పాత బండి మీద పాపను ఎక్కించుకుని బయల్దేరితే, మలుపులో ముందు డిస్క్ బ్రేకు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేసింది. వెనక బ్రేకే కాపాడింది.

చూస్తే రబ్బరు గొట్టం పగుళ్లిచ్చింది, బోల్టు దగ్గర ఆయిల్ చెమ్మ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బండి నడవకపోయినా పాడవుతుంది.

కొత్త గొట్టంతో పాటు బోల్టుకు రెండు వైపులా రాగి వాషర్లూ కొత్తవే వేయించండి. ఆయిల్ డబ్బా మూత మీద రాసిన డాట్ నంబరుదే పోయించండి. గాలి బుడగలన్నీ పోయి లివర్ గట్టిపడేదాకా బ్లీడింగ్ చేయించాలి. ట్యాంకు మీద చుక్క పడితే రంగు పోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

సైట్‌లో క్రేన్ తాడు చూడకుండా బరువు ఎత్తనివ్వం కదా! మన పిల్లలు ఎక్కే బండికీ అదే రూలు పెట్టుకుందాం.