వార్తల్లో పదం: స్టీరియో సెపరేషన్
నంద్యాలలో కొత్త హెడ్‌ఫోన్స్ కొని, ఆళ్లగడ్డ బస్సెక్కి పాట పెట్టారు. ఎడమ చెవిలో వీణ, కుడి చెవిలో తబలా వినపడాల్సింది, రెండూ నడినెత్తిన ముద్దకట్టాయి. ఒక చానల్ ధ్వని రెండోదానిలోకి కారకుండా ఉండటమే స్టీరియో సెపరేషన్. దీన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్ రెండు చానళ్ల పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టింది 1931లో.

షాపువాణ్ని తిట్టేముందు పాటను అనుమానించండి. ఘంటసాల కాలపు పాటలు చాలావరకు మోనో, అంటే ఒకే చానల్ రికార్డింగులే. ఎంత ఖరీదైన సెట్టయినా వాటిని విడదీయలేదు. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో, యాక్సెసిబిలిటీ కింద, 'మోనో ఆడియో' ఆన్‌లో ఉందేమో చూడండి. బ్లూటూత్‌దైతే కాల్ మోడ్‌లోనే ఉండిపోయిందేమో! వైరుదైతే పిన్ను పూర్తిగా దిగాలి. దిగినా గాయకుడి గొంతు మాయమై, వాద్యాలు మాత్రం డొల్లగా వినిపిస్తున్నాయా? దొంగ దాదాపు దొరికినట్టే: రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే గ్రౌండ్ తీగ తెగింది. ఇక సెట్టింగులు కెలికి లాభం లేదు. బిల్లు పట్టుకుని షాపుకెళ్లండి. మార్చనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.