ఐదు చుక్కలు చూపిస్తారు!

కూతురి పెళ్లికి ధర్మవరం పట్టుచీర కొనాలి. ఊరికి వెళ్లి చూసే తీరిక లేదు. ఫోన్లో వెతికితే బోలెడు చీరలు... ఒకదాని కింద నాలుగున్నర చుక్కలు, వందలకొద్దీ పొగడ్తలు. 'క్వాలిటీ సూపర్', 'మా అమ్మకు తెగ నచ్చింది' అంటూ. ఇంకేం, నొక్కేయడమే! ఆ అమ్మ అసలు ఉందా లేదా అన్న అనుమానం ఎవరికొస్తుంది?

ఈ లెక్క ఇప్పటిది కాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల మధ్య బేరం కుదరాలంటే నమ్మకం కావాలి. అందుకే ఈబే వేలం సైటు స్థాపకుడు పియరీ ఒమిడ్యార్ 1996లో ఓ ఏర్పాటు చేశాడు. కొన్నవాళ్లు అమ్మినవాళ్ల గురించీ, అమ్మినవాళ్లు కొన్నవాళ్ల గురించీ నాలుగు ముక్కలు రాయాలి. ఆ మంచి పేరు విలువ ఎంతో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ రెస్నిక్ బృందం లెక్కగట్టింది. ఒకేలాంటి పాత పోస్టుకార్డులను పేరున్న ఖాతాలోనూ కొత్త ఖాతాల్లోనూ పెట్టి అమ్మించారు. పేరున్నవాడికి 8.1 శాతం ఎక్కువ పలికిందని 2006లో ప్రచురించారు.

పేరుకు ధర ఉంటే దాన్ని దొడ్డిదారిన సంపాదించేవాళ్లూ ఉంటారు కదా! ఒక్క సెంటుకే ఏ ఈ-బుక్కో, జోకో అమ్మకానికి పెట్టేవారు. అక్కడ అసలు సరుకు జోకు కాదు, దాంతోపాటు వచ్చే మెప్పు. నువ్వు నన్ను పొగుడు, నేను నిన్ను పొగుడుతా. అలా వందలు పోగయ్యాక ఖరీదైన వస్తువు పెట్టడం, డబ్బు చేతిలో పడగానే మాయమవడం.

మన దేశంలో వేలం సరదా బాజీ డాట్ కామ్‌తో పాకింది. దాన్ని 2004లో ఈబే కొనేసింది. ఆ భారతీయ సైటు 2018లో మూతపడింది. ఆట మాత్రం ఆగలేదు. ఇప్పుడు తెలిసినవాళ్ల పేరిట ఆర్డర్ పెట్టి ఖాళీ ప్యాకెట్ పంపుతారు. 'ఐదు చుక్కలిస్తే మీ డబ్బు వాపసు' అంటూ వాట్సప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో జనాన్ని పోగేస్తారు.

దీనివల్ల కొన్నవాళ్లకే నష్టమా? ధర్మవరం వెళ్లి చూడాలి. అనంతపురం సీమలో వానను నమ్ముకుని వేరుశనగ వేసే రైతు కష్టం తెలిసిందే. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారిన ఈ ఊళ్లో మాత్రం వాన ఉన్నా లేకున్నా ఎందరికో కూడు పెట్టేది మగ్గమే. గుంటలో కాళ్లు పెట్టుకుని ఇంటిల్లిపాదీ కష్టపడితే చీరకు రోజులు పడుతుంది, పనితనం ఎక్కువైతే వారాలు. అదే డిజైను మరమగ్గం మీద చకచకా దిగిపోతుంది. కొన్ని రకాల చీరలు చేతిమగ్గం మీదే నేయాలని 1985లో చట్టం చేసినా, మరమగ్గం చీరలు చేనేత పేరుతో చెలామణి అవుతున్నాయన్నది ధర్మవరం నేతన్నల ఏళ్లనాటి గోడు. ఫొటోలో రెండూ ఒకేలా మెరుస్తాయి. అక్కడ తేడా చెప్పాల్సింది కొన్నవాళ్ల మాటే. ఆ మాటే దొంగదైతే? సొంతంగా అమ్ముకుందామని కొత్తగా ఖాతా తెరిచిన నేతబిడ్డ సున్నా చుక్కలతో మొదలవుతాడు. పక్కవాడు కొనుక్కున్న వేల చుక్కల ముందు వాడి చీర ఎవరి కంటా పడదు.

అమ్మేవాళ్లు కొనుగోలుదారుల వేషంలో రివ్యూలు రాయకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. 2022లో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది. కాకపోతే అది స్వచ్ఛందం... ఎవరు పాటిస్తారో మీరే ఊహించుకోండి!

కొనేముందు చుక్కల సగటు కాదు, తేదీలు చూడండి. రెండు రోజుల్లో కుప్పలుగా వచ్చిన పొగడ్తలను నమ్మొద్దు. మూడు చుక్కలిచ్చినవాళ్లు ఏం రాశారో చదవండి. సిల్క్ మార్క్ ఉంటే అది అసలు పట్టు అని మాత్రమే అర్థం. మరమగ్గం మీద నేసిన పట్టుకూ అది దొరుకుతుంది. చేతినేత అని చెప్పేది హ్యాండ్లూమ్ మార్క్. రెండూ ఉన్నాయా అని అమ్మేవాళ్లను అడగండి. మోసపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

చీర ఇంటికొచ్చాక కొంగు చివర కుచ్చుల్లోంచి ఒక్క పోగు తీసి అగ్గిపుల్ల చూపించండి. వెంట్రుక కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిపొడిగా రాలితే పట్టు. కరిగి గట్టి పూసలా మారితే పాలిస్టర్. వెనక్కి పంపే గడువు దాటకముందే ఆ పని చేయండి.