గంటలో తేలిపోయే జబ్బుకు నెలల తరబడి ఆలస్యమా?

దగ్గు ఒక్కటే. పల్లెల్లో దానికి పెట్టే పేర్లు మాత్రం ఎన్నో. చుట్ట తాగేవారికి అది చుట్ట దగ్గు. మిరపకాయల కళ్లంలో పనిచేసేవారికి ఘాటు దగ్గు. చలికాలంలో వస్తే చలి దగ్గు. ఏ పేరూ కుదరకపోతే వయసు మీదికి నెట్టేస్తారు. మిరియాల కషాయం, అంగట్లో కొన్న దగ్గు మందు సీసా, ఊళ్లో వైద్యుని దగ్గర రెండు సూదులు... ఇలా నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి. ఈలోగా మనిషి చిక్కిపోతాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది. రాత్రి చెమటతో పక్క తడుస్తుంది. కళ్లెలో నెత్తుటి చార కనిపించిన రోజున గాని పెద్దాసుపత్రి గుర్తుకు రాదు.

ఆ దగ్గు క్షయ వల్ల వచ్చిందా, కాదా అన్నది తేల్చడానికి ఇప్పుడు యంత్రానికి పట్టే సమయం గంట, మహా అయితే రెండు గంటలు! పరీక్షకు పైసా ఖర్చు లేదు. మందులూ ఉచితమే. అయినా 2019 నుంచి 2021 వరకు దేశమంతటా జరిపిన టీబీ సర్వేలో తేలిన సంగతి వింటే మనసు చివుక్కుమంటుంది. క్షయ లక్షణాలున్న ప్రతి నూరు మందిలో 64 మంది వైద్యం కోసం ఎక్కడికీ వెళ్లనే లేదు! వారిలో ఎక్కువమంది ఆ దగ్గునూ, జ్వరాన్నీ లెక్కచేయనివారే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు కోటీ 8 లక్షల మందికి క్షయ సోకింది. పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. రోగుల్లో నాలుగో వంతు మంది మన దేశంవారే. నయమయ్యే జబ్బుతో ఇంతమంది పోవడానికి ఆలస్యం ఒక పెద్ద కారణం.

కొండగాలే మందు అయిన రోజులు

మన తాతల కాలంలో క్షయ అంటే చావు కబురే. జర్మనీ శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ ఈ జబ్బుకు మూలమైన సూక్ష్మక్రిమిని 1882లోనే కనుగొన్నారు. క్రిమి దొరికింది గాని, దానిని చంపే మందు మరో అరవై ఏళ్లకు గాని దొరకలేదు. అంతవరకు మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి... ఇవే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం వెలసింది అందుకే. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద క్షయ ఆసుపత్రి పెట్టిందీ అందుకే. అక్కడికి పోగలిగినవారు ఎందరు? పోయి తిరిగి వచ్చినవారు ఎందరు?

1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది. 1952లో ఐసోనియాజిడ్ మాత్ర వాడుకలోకి వచ్చింది. ఆ తరువాత 1956లో మద్రాసులో ఒక ముఖ్యమైన అధ్యయనం మొదలైంది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచారు. కొందరిని వారి ఇళ్లలోనే ఉండనిచ్చారు. ఇద్దరికీ ఒకే మందులు ఇచ్చారు. పేదల ఇరుకిళ్లలో ఉండి మందు వాడినవారికి కూడా శానిటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా నయమైంది. వారి ఇళ్లలోవారికి అందువల్ల జబ్బు ఎక్కువగా సోకిందీ లేదు. నయం చేసేది కొండగాలి కాదు, క్రమం తప్పని మందు అని ప్రపంచానికి చాటిన అధ్యయనమది. ఈనాడు రోగి తన ఇంట్లోనే ఉండి మందు మింగుతున్నాడంటే అది ఆ మద్రాసు అధ్యయనం చూపిన దారే.

కంటికి చిక్కనిది యంత్రానికి చిక్కుతుంది

కళ్లెను గాజు పలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద చూడడం నూరేళ్లకు పైబడిన పద్ధతి. అందులో ఒక లోపం ఉంది. ఒక మిల్లీలీటరు కళ్లెలో క్రిములు అయిదు వేలో, పదివేలో ఉంటే గాని కంటికి కనిపించవు. అంటే జబ్బు బాగా ముదిరిన వారే దొరుకుతారు. మొదటి దశలో ఉన్నవారికి 'ఏమీ లేదు' అన్న చీటీ వచ్చేది. క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష నమ్మకమైనదే గాని, ఫలితం రావడానికి వారాలు పడుతుంది.

2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన సీబీనాట్ పరీక్ష ఈ చిక్కును విప్పింది. ఈ యంత్రం క్రిమిని చూడదు. క్రిమిలోని జన్యు పదార్థాన్ని పట్టుకుని, దానిని లక్షల రెట్లు పెంచి, ఉన్నదీ లేనిదీ చెబుతుంది. మిల్లీలీటరుకు నూట యాభైకి లోపు క్రిములున్నా పసికట్టగలదు. రెండు గంటల్లో జవాబు వస్తుంది. పైగా రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు ఆ క్రిమి లొంగుతుందో, లొంగదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

అయితే ఆ యంత్రానికి నిలకడైన కరెంటు కావాలి, చల్లని గది కావాలి. పల్లె ఆసుపత్రుల్లో ఇవి ఎక్కడివి? ఈ ఇబ్బంది తీర్చేలా గోవాలో తయారైనదే ట్రూనాట్. ఇది చిన్న పెట్టెలాంటి యంత్రం. బ్యాటరీతో నడుస్తుంది. సుమారు గంటలో క్షయ సంగతి తేలుస్తుంది. మరో చిప్ వేస్తే మందుకు లొంగే రకమో కాదో కూడా చెబుతుంది. 2020లో దీనికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం లభించింది. యంత్రం లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి కళ్లె నమూనాను యంత్రమున్న ఆసుపత్రికి పంపుతారు.

ఇక దగ్గే లేని క్షయ మాటేమిటి? అదీ ఉంది. పైన చెప్పిన సర్వేలో ఎక్స్‌రే తీయకపోయి ఉంటే నూటికి 42 మందికి పైగా రోగులు లెక్కకు దొరికేవారే కాదు! అందుకే చేత్తో మోసుకుపోగలిగే చిన్న ఎక్స్‌రే యంత్రాలు ఇప్పుడు ఊళ్లలోకి వస్తున్నాయి. తీసిన బొమ్మను కంప్యూటరు అక్కడికక్కడే చూసి అనుమానం ఉన్నదీ లేనిదీ చెబుతుంది. అనుమానం ఉంటే కళ్లె పరీక్షతో రూఢి చేసుకుంటారు. 2024 డిసెంబరులో మొదలైన నూరు రోజుల టీబీ కార్యక్రమంలో ఇలాంటి యంత్రాలను వాడారు. ఊళ్లోకి శిబిరం వచ్చిందంటే దగ్గు లేదు కదా అని ఇంట్లో కూర్చోకూడదు.

మొండి క్షయకూ ఆరు నెలలే

మామూలు క్షయకు ఆరు నెలల వైద్యం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు. వీటన్నింటినీ కలిపి చేసిన మాత్రలను రోజూ మింగాలి. ఒకప్పుడు వారానికి మూడు రోజులు ఇచ్చేవారు. 2017 నుంచి రోజూ వాడే పద్ధతి వచ్చింది.

మందుకు లొంగని మొండి క్షయ సోకినవారి కష్టం వేరు. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల వైద్యం. నెలల తరబడి ప్రతిరోజూ సూది. ఆ సూదుల వల్ల కొందరికి చెవుడు వచ్చేది. తట్టుకోలేక మధ్యలో మానేసినవారు ఎందరో. ఇప్పుడు సూది లేకుండా నోటి మాత్రలతోనే ఆరు నెలల్లో వైద్యం పూర్తయ్యే పద్ధతి వచ్చింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే నాలుగు మందుల కలయిక ఇది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2024 సెప్టెంబరులో మన కేంద్ర ఆరోగ్యశాఖ దీనికి ఆమోదం తెలిపాయి. ఇది అందరికీ పనికిరాదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. గుండె, రక్తం పరీక్షలు చేస్తూ వైద్యుల కనుసన్నల్లోనే వాడాలి. కాళ్లు తిమ్మిరెక్కినా, చూపు మందగించినా వెంటనే చెప్పాలి.

సగం చచ్చిన పాము

మందు మొదలుపెట్టిన నెల రోజులకే చాలామందికి దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. 'తగ్గింది కదా' అని మాత్రలు మానేస్తారు. ఇది పామును సగం కొట్టి వదిలేయడమే! మిగిలిన క్రిములు మందుకు అలవాటుపడి మొండివవుతాయి. అదే మొండి క్షయ ఇంట్లోవారికీ అంటుతుంది.

ఇంకొందరు భయపడి మానేస్తారు. మందు మొదలుపెట్టాక మూత్రం ఎర్రగా, నారింజ రంగులో పోతుంది. నెత్తురు పోతోందని హడలిపోనక్కరలేదు. అది రిఫాంపిసిన్ రంగు మాత్రమే. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, రంగులు సరిగా కనిపించకపోయినా మాత్రం ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. మందు మార్చాలో, ఆపాలో వైద్యులే చెప్పాలి గాని మనంతట మనం నిర్ణయించుకోరాదు.

మందుతో పాటు మెతుకు

క్షయకూ కడుపు మాడడానికీ దగ్గరి చుట్టరికం. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. రోగులకే గాక వారి ఇళ్లలోవారికీ నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. అలా తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం సుమారు నూటికి 40 వంతులు తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు కూడా బాగా తగ్గాయి. కొత్త యంత్రం, కొత్త మాత్ర ఎంత ముఖ్యమో, కంచంలో పప్పు, గుడ్డు అంత ముఖ్యమన్నమాట.

రోగుల పోషణకు కేంద్ర ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది. 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలు చేశారు. ఈ సొమ్ము నేరుగా రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. పరీక్షకు వెళ్లినప్పుడే పాసు పుస్తకం, ఆధార్ వెంట ఉంచుకుంటే తరువాత తిరిగే పని తప్పుతుంది.

ఇంటిల్లిపాదీ చూపించుకోవాలి

ఒకరికి క్షయ అని తేలితే ఇంట్లో అందరికీ పరీక్ష అవసరం. జబ్బు లేనివారికి కూడా ముందుజాగ్రత్తగా మందు ఇస్తారు. వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు మింగితే సరిపోయే మందు ఇప్పుడు వచ్చింది. చక్కెర జబ్బు ఉన్నవారు, హెచ్ఐవీ ఉన్నవారు, రాతి క్వారీల్లో దుమ్ము పీల్చేవారు, పొగాకు, సారా అలవాటున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

అన్నింటికంటె పెద్ద అడ్డంకి సిగ్గు. కోడలికి క్షయ అంటే పుట్టింటికి పంపేస్తారేమో, పిల్లకు పెళ్లి కాదేమో అని గుట్టుగా ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కంచాలు, గ్లాసుల వల్ల ఈ జబ్బు అంటదు. దగ్గినప్పుడు వెలువడే తుంపరల ద్వారా గాలిలో వ్యాపిస్తుంది. సరైన మందు మొదలుపెట్టాక సాధారణంగా కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గుతుంది. కాబట్టి ఇంటికి ప్రమాదం మందు మింగే కోడలి వల్ల కాదు, దగ్గు దాచిన మనిషి వల్లనే.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, తగ్గిపోతున్న బరువు, రాత్రి చెమటలు, కళ్లెలో నెత్తురు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఊళ్లోని ఆశా కార్యకర్తకు గాని, ఏఎన్ఎంకు గాని చెబితే కళ్లె డబ్బా ఇస్తారు. తెల్లవారి లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, గుండెల లోతు నుంచి దగ్గి తీసిన కళ్లె కావాలి. ఉమ్మి పనికిరాదు. సందేహాలుంటే 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోను చేసి అడగవచ్చు.

తాతల కాలంలో మందు లేక పోయారు. ఇప్పుడు మందు ఉంది, యంత్రం ఉంది, తిండికి సొమ్ము ఉంది. కళ్లె డబ్బా మాత్రం మనమే తీసుకెళ్లి ఇవ్వాలి.