ఉప్పుగాలి ఊళ్లో గేమింగ్ సిస్టమ్

చవక కార్డు, కొవ్వూరు బుర్ర

2016 జూన్ 29న ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 480 అనే గ్రాఫిక్ కార్డును 199 డాలర్ల ధరతో విడుదల చేసింది. వీఆర్ ఆటల్ని కూడా మోయగల కార్డు అంత తక్కువకు రావడం అప్పట్లో పెద్ద వార్త. ఆ రోజుల్లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద ఎవరో తెలుసా? కొవ్వూరులో పుట్టిన రాజా కోడూరి. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చదివి, ఎస్3, ఏటీఐ కంపెనీల్లో చేసి, మధ్యలో యాపిల్‌కి వెళ్లి, 2013లో మళ్లీ ఏఎండీకి వచ్చారు. 2017 నవంబరులో ఇంటెల్‌కి మారారు. 2022 అక్టోబరులో ఇంటెల్ అమ్మకానికి పెట్టిన ఆర్క్ ఏ770, ఏ750 కార్డులు ఆయన అక్కడ నడిపిన పని ఫలితమే. దర్శకుడు రాజమౌళికి బంధువు కూడా.

కొవ్వూరు ఒడ్డున పారే గోదావరే ధవళేశ్వరం దాటాక పాయలై, వశిష్ఠగా ఒక పక్క, వైనతేయగా ఇంకో పక్క మలికిపురం సీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. సామాన్యుడికి అందే గేమింగ్ కార్డు చరిత్రలో ఈ నది ఒడ్డువాళ్ల చెయ్యి ఉందని మలికిపురం, రాజోలు కాలేజీ కుర్రాళ్లు గర్వంగా చెప్పుకోవచ్చు.

75 వాట్ల గీత

అదే ఆర్‌ఎక్స్ 480కి మొదటి వారంలోనే ఒక చిక్కు వచ్చింది. మదర్‌బోర్డు మీద కార్డు దిగే స్లాట్ నుంచి 75 వాట్లకు మించి లాగకూడదు. సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే ఆరు పిన్నుల కేబుల్ ఇంకో 75 ఇస్తుంది, ఎనిమిది పిన్నులదైతే 150. ఆ కార్డుకి ఆరు పిన్నులదొక్కటే పెట్టారు. సమీక్షలు రాసేవాళ్లు మీటరు పెట్టి కొలిస్తే స్లాట్ నుంచి హద్దు దాటి లాగుతోందని తేలింది. జులై మొదట్లోనే ఏఎండీ కొత్త డ్రైవర్ ఇచ్చి సరిచేసింది.

ఈ లెక్క గుర్తుంటే చాలా పనులు తేలికవుతాయి. విడిగా కేబుల్ అడగని కార్డంటే 75 వాట్లలోపు సర్దుకునేది అని అర్థం. జీటీఎక్స్ 1650లో కొన్ని రకాలు అలాంటివే. ఆఫీసుల్లోంచి వచ్చిన పాత డెస్క్‌టాప్‌ని గేమ్స్‌కి మలుచుకోవాలనుకునేవాళ్లు మొదట చూడాల్సింది వీటినే.

ఒకే పేరు, రెండు సరుకులు

జీటీ 1030 అని రాసిన రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టండి. పేరు ఒకటే, బొమ్మ కూడా దాదాపు ఒకటే. 2017లో వచ్చినదానిలో జీడీడీఆర్5 మెమరీ, సెకనుకి 48 గిగాబైట్లు నడుస్తుంది. 2018లో వచ్చినదానిలో డీడీఆర్4, సెకనుకి 16.8 మాత్రమే. అంటే మూడో వంతు. ఆటలో ఒకటి సాఫీగా పోతుంటే రెండోది ఆగి ఆగి నడుస్తుంది. తేడా చెప్పేది పెట్టె పక్కన ఉన్న ఆ చిన్న అక్షరాలే.

ఆర్‌ఎక్స్ 580ది ఇంకో కథ. అసలు కార్డులో 2304 కోర్లుంటాయి. 2018లో చైనా మార్కెట్ కోసం ‘2048ఎస్‌పీ’ అనే తోకతో ఒక రకం వచ్చింది. నిజానికి అది కింది మెట్టులో ఉండే ఆర్‌ఎక్స్ 570కి సమానం. తరవాత అది మన ఆన్‌లైన్ దుకాణాల్లోకీ చేరింది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం కరెన్సీ పద్ధతి మార్చుకోవడంతో గ్రాఫిక్ కార్డులతో దాన్ని తవ్వే పని ఆగిపోయింది. రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు గుట్టలుగా సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చాయి. వాడిన కార్డు కొనడం తప్పు కాదు. డబ్బులిచ్చేముందు జీపీయూ-జీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూడండి. బయాస్ మార్చి పెద్ద కార్డులా నటించే పాత కార్డుల్లో చాలావాటిని అది నకిలీ అని చెప్పేస్తుంది.

చివరి అక్షరం

ఇంటెల్ ఐ3-12100ఎఫ్‌లో ఆ ‘ఎఫ్’ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. విడిగా కార్డు లేకుండా మానిటర్ వెలగదు. ఏఎండీ రైజన్ 5 5600లోనూ గ్రాఫిక్స్ ఉండదు. అదే 5600జీలో ఉంటుంది. కార్డుకి డబ్బు ఇప్పుడు చాలకపోతే ‘జీ’ తీసుకుని ఆడుకుంటూ, తరవాత కార్డు వేసుకోవచ్చు. వాలరెంట్‌లాంటి ఆట ఆడటానికి విడి కార్డే అక్కర్లేదు. పదేళ్లు దాటిన ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్‌తోనూ నడుస్తుందని ఆ ఆట తయారుచేసిన కంపెనీయే ప్రకటించింది.

కానీ 5600జీలో ఒక మెలిక ఉంది. కార్డుతో అది పాత పీసీఐఈ 3.0 వేగంతోనే మాట్లాడుతుంది, బోర్డు ఎంత కొత్తదైనా సరే. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ అనే చవక కార్డుకి అలా మాట్లాడటానికి నాలుగే దారులు. చాలా కార్డులకి ఎనిమిదో పదహారో ఉంటాయి. ఈ రెండింటినీ కలిపితే ఆ నాలుగు దారుల వేగం కూడా సగానికి పడిపోతుంది. విడివిడిగా చూస్తే రెండూ మంచి బేరాల్లాగే కనిపిస్తాయి. 2021 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600కి ఎనిమిది దారులు, 8 జీబీ మెమరీ, వాడకం 132 వాట్లే. పొదుపు సిస్టమ్‌కి నా ఓటు దానికే.

ఎస్‌ఎంపీఎస్ లేబుల్ చదవడం

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే. ప్రాసెసర్, కార్డు బాగా ఎంచుకున్నవాళ్లు కూడా క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌తో సరిపెట్టుకుంటారు. దాని పక్కన అంటించిన లేబుల్ మీద ఒక పట్టిక ఉంటుంది. 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని గళ్లు, వాటి కింద ఆంపియర్లు. 12 వోల్టుల గడి మీద వేలు పెట్టండి. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్ కార్డుకీ తిండి అక్కడినుంచే. ఆంపియర్లని 12తో హెచ్చించండి. 38 ఉంటే 456 వాట్లు. 16 ఉంటే 192. పైన పెద్దక్షరాల్లో 450 అని ఉన్నా, కింద గడిలో 16 ఉంటే అది గేమింగ్‌కి పనికిరాదు.

2004లో మొదలైన 80 ప్లస్ గుర్తు గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి ఇస్తోందో చెబుతుంది. 80 శాతం సామర్థ్యంతో 400 వాట్లు ఇవ్వాలంటే గోడ నుంచి 500 లాగాలి. ఆ మిగతా 100 వేడి. అయితే ఆ గుర్తు ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పదు, ఓవర్‌లోడ్ అయితే ఆగుతుందో లేదో చెప్పదు. వారంటీ ఎన్నేళ్లో చూడటం దానికంటే మంచి కొలత. చిన్న ఊళ్లో ఎస్‌ఎంపీఎస్ పోతే అదొక్కటీ పోవడంతో ఆగకపోవచ్చు. బోర్డుని వెంట తీసుకుపోతే వారాల తరబడి సిస్టమ్ మూలన పడుంటుంది.

యూపీఎస్ వీఏ, వాట్లు

600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. 65 వాట్ల ప్రాసెసర్, 132 వాట్ల కార్డు, బోర్డు, మానిటర్ కలిపితే ఆ హద్దుకి దగ్గరగా వెళ్తాం. 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే సమయం ఎస్‌ఎంపీఎస్ ఓపిక కన్నా ఎక్కువ. దానికి ఉన్న ఓపిక పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు. గాలివాన వస్తే కొబ్బరి మట్టలు తీగల మీద పడి కరెంటు వచ్చీపోయే ఊళ్లలో ఈ లెక్క ముందే చూసుకోవాలి.

ఎర్త్ లేని ఇంట్లో క్యాబినెట్ ముట్టుకుంటే ‘జుమ్’మంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఇనుప పెట్టె మీదికి చిన్న కరెంటు వదులుతాయి. మూడో పిన్ను సరిగ్గా ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద సగం వోల్టేజి, అంటే నూటపదిహేను వోల్టులదాకా, నిలబడుతుంది. కరెంటు చాలా చిన్నది కనుక ప్రాణం మీదకి రాదు. కానీ ఆ స్థితిలో మానిటర్ కేబుల్ పీకి పెడితే పోర్టులు పోవచ్చు. కొత్త సిస్టమ్ కొన్నవాళ్లు మొదట ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించుకోవాలి.

ఉప్పుకి 75

మలికిపురం మండలంలో శంకరగుప్తం డ్రెయిన్ గుండా సముద్రపు నీళ్లు ఎగదన్ని, కేశనపల్లి పరిసరాల్లో కొబ్బరి తోటలు మోడులయ్యాయి. చెట్టునే కూల్చేసే ఆ ఉప్పు గాలిలోనూ ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తేమని పీల్చి తానే నీరైపోతుంది. బోర్డు మీద దుమ్ముతో పాటు చేరిన ఉప్పు వానాకాలం రాత్రి సన్నటి తడి పొరగా మారి, కరెంటుకి అడ్డదారి చూపిస్తుంది. ఇనుము తుప్పు, రాగి చిలుము అక్కడే మొదలవుతాయి.

దీనికి తేలికైన మందు సిస్టమ్‌ని రోజూ కాసేపు నడపడం. లోపల వెచ్చబడితే అక్కడి గాలిలో తేమ శాతం పడిపోతుంది. పరీక్షలని నెలల తరబడి కప్పిపెట్టిన సిస్టమ్ ఎక్కువ దెబ్బతింటుంది. ర్యామ్ అంచున మెరిసే గీతలు బంగారు పూతవి. బంగారానికి చిలుము పట్టదు, దాని మీద మురికి పడుతుంది. సర్వీసు కుర్రాళ్లు ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా తుడిచి మళ్లీ పెడితే సిస్టమ్ లేచి కూర్చోవడం అందుకే. ఎక్కువ రుద్దితే పూతే పోతుంది.

వేడి విషయం రెండు ముక్కల్లో: గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు పది డిగ్రీలు ఎక్కుతుంది. ముందువైపు అద్దమున్న క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ, మే నెలలో మన ఇళ్లకి జాలీ ఉన్నదే సరైనది.

ర్యామ్ గాటు

డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే. అయినా ఒకదాని చోట ఇంకోటి దిగదు, మధ్యలో గాటు కాస్త పక్కకి ఉంటుంది. దిగకపోతే నొక్కకూడదు, కొన్నది తప్పని అర్థం. ఒక 16 జీబీ కంటే రెండు 8 జీబీలు వేస్తే మెమరీ రెండు దారుల్లో నడుస్తుంది. 5600జీలా లోపలి గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకి ఈ తేడా ఆటలో కంటికి కనిపిస్తుంది. పైగా 3200 అని రాసిన ర్యామ్ పెట్టగానే ఆ వేగంతో తిరగకపోవచ్చు. చాలా రకాలు బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేసేదాకా 2133, 2400 లేదా 2666 దగ్గరే ఉంటాయి. డబ్బు ఇచ్చి కొన్న వేగాన్ని ఏళ్లతరబడి వాడకుండా వదిలేసినవాళ్లు బోలెడుమంది.

2025 చివరి నెలల్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ కంపెనీ తన క్రూషియల్ బ్రాండు ర్యామ్‌లు, ఎస్‌ఎస్‌డీలు మనలాంటి కొనుగోలుదార్లకి అమ్మడం మానేస్తున్నట్టు ప్రకటించింది. ఇంట్లో పాత సిస్టమ్‌లో డీడీఆర్4 ర్యామ్ ఉంటే దాన్ని తీసిపెట్టుకుని, దానికి తగ్గ బోర్డు కొనడం ఇప్పుడు తెలివైన పని.

మోరి ముందే వెళ్లింది

మలికిపురం పక్క మండలం సఖినేటిపల్లిలోని మోరి ఊరు జీడిపప్పుకి పేరు. 2016 డిసెంబరులో ఫైబర్ గ్రిడ్‌తో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం ఆరంభించింది కూడా ఆ ఊళ్లోనే. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం స్మార్ట్ విలేజ్ ప్రయోగానికీ అదే వేదిక. అలా ఇంటికొచ్చిన ఇంటర్నెట్‌తో ఆడే ఆన్‌లైన్ ఆటల్లో ఎంత వేగం ఉందన్నది రెండో మాట. మన నొక్కుడు సర్వర్‌కి చేరి జవాబు రావడానికి పట్టే సమయం, అంటే పింగ్, మొదటి మాట. వైఫై వదిలి రూటర్ నుంచి లాన్ కేబుల్ లాగితే ఆ సమయం నిలకడగా ఉంటుంది. దానికయ్యే ఖర్చు మిగతా సామానుతో పోలిస్తే ఏమీ కాదు.

రేవు దాటి సీటీసీ దాకా

తెలుగునాట కంప్యూటర్ సామానుకి పెద్ద అడ్డా సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. మలికిపురం నుంచి వెళ్లేవాళ్లు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటి, నరసాపురంలో సాయంత్రం బండెక్కితే తెల్లారేసరికి అక్కడుంటారు. అంత దూరం వెళ్లి కొనేటప్పుడు జీఎస్‌టీ బిల్లు అడగడం మరవొద్దు. 18 శాతం పన్ను తప్పుతుందని బిల్లు లేకుండా తీసుకుంటే, సామాను పాడైననాడు వారంటీకి ఆధారం ఉండదు. ప్రాసెసర్ ట్రేలోదా, పెట్టెలోదా అన్నది కూడా అడగాలి. పెట్టెలోదానికి కంపెనీ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, 12100ఎఫ్, 5600లాంటివాటికి ఫ్యాన్ కూడా వస్తుంది. ట్రేలోదానికి ఫ్యాన్ విడిగా కొనుక్కోవాలి.

ఇంకొకటి. ఏఎండీ ఏఎం4 సాకెట్ 2016లో వచ్చింది. 2017లో కొన్న చాలా బోర్డులు బయాస్ అప్‌డేట్ చేసుకుని 2022 నాటి ప్రాసెసర్‌ని నడుపుతున్నాయి. కానీ అప్‌డేట్ కాని పాత నిల్వ బోర్డు మీద కొత్త ప్రాసెసర్ పెడితే తెర నల్లగానే ఉండిపోతుంది. చాలా బోర్డుల్లో అప్‌డేట్ చెయ్యడానికి ఇంకో పాత ప్రాసెసర్ కావాలి, అది మన దగ్గర ఉండదు. అందుకని బోర్డు, ప్రాసెసర్ ఒకే కొట్లో తీసుకుని, కౌంటర్ మీదే ర్యామ్ వేయించి, బయాస్ తెర కళ్లారా చూశాకే ప్యాక్ చేయించుకోండి.